చదివి వినిపించని కాగితం

మొన్న నాచారం చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆటోలోకి బిస్కెట్లు కాలే వాసన వచ్చింది. చక్కెర, డాల్డా, కొంచెం మాడిన పిండి కలిసిన వాసన. ఆ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోందన్న సంగతే నేను మరిచిపోయాను. చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల మధ్య దాని ప్రహరీగోడ కూడా కనబడదిప్పుడు. ఆటో డ్రైవరు ముక్కు ఎగబీల్చి, "ఈడ ఆగితే మస్తు ఆకలైతది మేడం" అన్నాడు. ఇరవై ఏళ్ల కిందట ఈ వాసనలోనే ఒక పెద్దమనిషి దాదాపు అదే మాట అనేవారు. "ఈ వాసనకు కడుపుల కాలుతది. ముందుగాల అందరు చాయ్ తాగున్రి, తర్వాత మాట్లాడుకుందాం." ఆయన పేరు వీరస్వామి. ఉప్పల్, నాచారం వీధుల్లో ముప్పై ఏళ్లకు పైగా పోస్ట్‌మన్‌గా తిరిగి రిటైరైన మనిషి. నేను కలిసేనాటికి ఇరుగుపొరుగు నిధి అనే చిన్న సంస్థకు ఆయన పెద్దగా ఉన్నారు. ఏ పత్రికాఫీసులోనూ నేర్చుకోని ఒక పని నాకు నేర్పింది ఆయనే. నేర్చుకోవడానికి నేను చెల్లించిన ఫీజు మాత్రం నాది కాదు. వేరే వాళ్లు చెల్లించారు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

పారిశ్రామికవాడలో ఒక యజమాని తన ఫ్యాక్టరీ మూసేసి వెళ్లిపోతూ, ఇక్కడి మనుషుల చెమటతో వచ్చినదాంట్లో కొంత ఇక్కడే ఉండాలని బ్యాంకులో వేసి వెళ్లాడట. కాలనీల వాళ్లు, దుకాణాల వాళ్లు, రిటైరైన కార్మికులు దానికి తలా కొంత కలిపారు. అలా పుట్టింది నిధి. ఏటా వానలకు ముందు చుట్టుపక్కల స్వచ్ఛంద సంస్థల్లో కొన్నింటికి గ్రాంటు ఇచ్చేవారు. రాత్రిబడి, కుట్టుపని కేంద్రం, చెవిటి పిల్లల బడి, టీబీ రోగుల ఇళ్లకు మందులు మోసుకెళ్లే నలుగురు కుర్రాళ్లు, ఇలాంటివి. బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక సందులో మేడ మీద ఒక గది, రెండు చాపలు, ఒక ఇనుప బీరువా, ఐదుగురు సభ్యులు. ఆఫీసంటే అంతే.

నేనప్పుడు ఒక దినపత్రికకు ఉప్పల్ జోన్ పేజీ విలేకరిని. "గ్రాంట్ల పంపిణీ అట, సింగిల్ కాలమ్ వార్త, ఫొటో ఉంటే చూడు" అని డెస్క్ వాళ్లు పంపారు. శాలువాలు, బొకేలు, ముందే టైపు చేసి పెట్టిన ప్రెస్‌నోట్ ఉంటాయనుకుని వెళ్లాను. అవేవీ లేవు. దరఖాస్తు పెట్టుకున్న వాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. సభ్యుల్లో ఒక రిటైర్డు టీచరమ్మ ఒక్కొక్క దరఖాస్తు తీసి, మొదటి నుంచి చివరిదాకా, అందరి ముందూ పైకి చదువుతోంది. చదవడం అయ్యాక వీరస్వామి గారు కళ్లజోడు పైకి తోసుకుని, దరఖాస్తు పెట్టిన వాళ్లను ఒకే ప్రశ్న అడిగేవారు. "ఇది మీదేనా?" వాళ్లు అవునంటే సభ్యులు మాట్లాడుకునేవారు. ఏదైనా తప్పు పడిందంటే అక్కడే దిద్దేవారు. మాది కాదంటే ఆ ఏటికి ఆ కాగితం పక్కకు పోయినట్టే.

ఆ రోజు చిలుకానగర్ నుంచి రాత్రిబడి నడిపే ఒకాయన వచ్చాడు. ఆయన దరఖాస్తును ప్రాజెక్టులు రాసిచ్చే మనిషెవరో రాసినట్టున్నాడు. అణగారిన వర్గాల సామర్థ్య నిర్మాణం, సమగ్ర సాధికారత, సుస్థిర భాగస్వామ్యం అంటూ సాగింది. టీచరమ్మకే మధ్యలో రెండుసార్లు ఊపిరి అందలేదు. "ఇది మీదేనా?" అని వీరస్వామి గారు అడిగితే ఆయన తల గోక్కుని, "మాదే అయ్యుంటది సార్. కింద సంతకమైతే నాదే" అన్నాడు. గదంతా నవ్వింది. "అసలు మీ బళ్ల ఏం జేస్తరు?" అంటే, "పగలంత ఫ్యాక్టరీల జేసెటోళ్లకు చదువుడు, లెక్కలు చెప్త సార్. బస్సు బోర్డు చదువస్తే చాలంటరు వాళ్లు" అన్నాడు. "మరి గా ముచ్చట ఈ కాయితంల ఏడున్నది?" ఆయన మళ్లీ తల గోక్కున్నాడు. "వచ్చే ఏడు నీ మాటల రాసుకొని రా అన్నా. మేం ఈడనే ఉంటం" అని కాగితాన్ని పక్కన పెట్టేశారు. నాకది చాలా కఠినంగా తోచింది. వార్త రాసుకుని వెళ్లకుండా, ఆగి అడిగాను. మంచి పని చేస్తున్న మనిషిని మాటల కోసం ఆపుతారా అని. ఆయన నా వైపు చూసి, "పేపరమ్మా, నీకు రాసుడొస్తది గదా? నువ్వే రాసిపెట్టరాదు, రాయరానోళ్లకు?" అన్నారు.

అలా ఇరుక్కున్నాను. షరతు ఒకటే పెట్టారు. "రాసినంక వాళ్ల ఇంటికి పోయి చదివి వినిపియ్యాలె. వాళ్లు గిదే అన్నంకనే నాకియ్యాలె. నీ వార్తలెక్క నడవది ఈడ." పోస్టాఫీసు అలవాటట అది. జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లకు ఆయన ఉత్తరాలు రాసిపెట్టేవారు. రాసింది చదివి వినిపించి, "ఆఁ, గిదే" అనిపించుకున్న తర్వాతే కవరు అంటించేవారు.

తర్వాతి ఏళ్లలో ఆయనతో పాటు చాలా తిరిగాను. ఉప్పల్ డిపో వెనక సందులు, మల్లాపూర్, రామంతాపూర్, అప్పుడప్పుడు ఘట్‌కేసర్ దాకా. పోస్ట్‌మన్ నడక ఆయనది. తొందరపడినట్టు కనబడేది కాదు, నేను మాత్రం వెనకబడేదాన్ని. ఏ సంస్థకు వెళ్లినా ఆయన రికార్డులు అడిగేవారు కాదు. కూర్చుని, "జర మంచినీళ్లు ఇస్తరా?" అనేవారు. మొదట్లో దాహమనుకున్నాను. ఒకచోట అధ్యక్షుడు లేవకుండానే లోపలికి కేక వేశాడు. ఎవరూ పలకలేదు. గ్లాసులు ఎక్కడుంటాయో ఆయనకు తెలియదు. ఇంకోచోట, ఒక కుట్టుపని కేంద్రంలో, కార్యదర్శి మాట్లాడుతూనే లేచి, మిషన్ల మధ్య నుంచి నడిచి, కుండ మూత తీసి నీళ్లు తెచ్చింది. దారిలో ఒకామె కుట్టు వంకర పోతుంటే చెయ్యి పెట్టి సరిచేసింది. బయటికి వచ్చాక, "నీళ్లు మంచిగున్నయా పేపరమ్మా?" అని నన్నడిగారు, మీసాల్లో నవ్వుతూ. ఆ తర్వాత నేను ఏ ఆఫీసుకు వెళ్లినా మంచినీళ్లే అడుగుతున్నాను. వార్తలు చాలానే దొరికాయి.

నాచారం పాత ఊళ్లో యాదమ్మ అని ఒకామె ఉండేది. ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేసి మానేసి, షిఫ్టులకు వెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకునేది. పెంకుటింట్లో రెండు గదులు, పదహారు మంది పిల్లలు. తల్లుల్లో కొందరు మల్కాజిగిరి నుంచి వచ్చేవాళ్లు, ఒకామె ఘట్‌కేసర్ నుంచి చంకలో పిల్లను వేసుకుని బస్సు మారి వచ్చేది. ఆ ఏడు ఇంటి యజమాని ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టిస్తానన్నాడు. బళ్లు తెరిచేలోగా ఖాళీ చెయ్యాలి. కొత్త గదులకు అడ్వాన్సు కట్టే శక్తి యాదమ్మకు లేదు. నిధి గ్రాంటు వస్తే పిల్లలకు నీడ ఉంటుంది, లేకపోతే ఆ పదహారు మంది తల్లుల్లో కొందరు పని మానెయ్యాలి, కొందరు పిల్లల్ని ఇంట్లో పెట్టి వెళ్లాలి. అంత సూటి సంగతి.

దరఖాస్తు రాయడానికి నేను వెళ్లినప్పుడు యాదమ్మ తోటకూర తుంచుతోంది. అడిగినవాటికి జవాబులు చెప్పింది. పిల్లలెందరు, పొద్దున ఎన్నింటికి తెరుస్తారు, పాలు ఎవరు పోస్తారు. చివర్లో, అసలు ఈ పని ఎందుకు మొదలుపెట్టారని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకుకూర వైపు చూస్తూనే చెప్పింది. భర్త పోయిన కొత్తలో, నాలుగేళ్ల కూతుర్ని ఇంట్లో ఉంచి బయట తాళం వేసి షిఫ్టుకు వెళ్లేదట. ఒకరోజు వచ్చేసరికి పాప స్టవ్ మీద చెయ్యి కాల్చుకుని, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉందట. "అగో, అట్ల షురువైంది ఇది" అని, తుంచిన కూర జల్లెట్లో వేసి లేచింది. నా లోపలి విలేకరి అప్పుడే లేచి కూర్చున్నాడు. ఇది కదా ఇంట్రో అనుకున్నాను. వార్తకు మొదటి వాక్యమే ప్రాణమని మా ఆఫీసులో నూరిపోసేవారు. ఆ మాట మరీ బాగా ఒంటబట్టినదాన్ని నేను.

బాగా రాశాను. అది నిజంగా బాగా వచ్చిందని ఇప్పటికీ తెలుసు, అదే నాకు కష్టం. "బయట తాళం పడింది. లోపల నాలుగేళ్ల పాప ఉంది" అని మొదలైంది. పాప పేరు రాయలేదు. పేరు తీసేస్తే ఎవరికీ ఏమీ కాదని నమ్మే వృత్తి మాది. ఆ వారం ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా ఉంది. రోజూ ర్యాలీలు, బంద్‌లు, ఉప్పల్ రింగ్‌రోడ్డు మీదే నా డ్యూటీ. చదివి వినిపించడానికి యాదమ్మ ఇంటికి వెళ్లలేదు. బాగా వచ్చింది కదా, వినిపించేదేముంది అనుకున్నాను. ఆఫీసు నుంచే కవర్లో పెట్టి నిధికి పంపేశాను. వీరస్వామి గారు ఫోన్ చేసి, "వినిపించినవా?" అని అడిగారు. "ఆఁ, అయిపోయింది సార్" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం. చాపలు నిండిపోయాయి. యాదమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పక్కన కూతురు స్వరూప. డిగ్రీ చదువుతోంది, సెలవు రోజుల్లో తల్లికి సాయం చేసేది, పిల్లలకు ఆమె అంటే ప్రాణం. ఎండాకాలమైనా పొడుగు చేతుల డ్రెస్సే వేసుకుంటుందని అంతకుముందే గమనించాను. గమనించానే గానీ ఎందుకో ఆలోచించలేదు. టీచరమ్మ నా కాగితం తీసింది. ఆమెది ఖంగుమనే గొంతు, నలభై ఏళ్లు క్లాసు చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు. బయట తాళం పడింది, లోపల నాలుగేళ్ల పాప ఉంది. గది నిశ్శబ్దమైపోయింది. నేను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ నిశ్శబ్దానికి సంతోషించాను. తర్వాత యాదమ్మ ముఖం చూశాను. ఆమె టీచరమ్మను చూడడం లేదు. కూతురి వైపు చూడకుండా ఉండడానికి ఎదురుగోడను పట్టుకున్నట్టు చూస్తోంది. స్వరూప చున్నీ లాక్కుని కుడిచేతి మీద కప్పుకుంది.

చదవడం అయిపోయింది. వీరస్వామి గారు కళ్లజోడు పైకి తోసుకుని, యాదమ్మను చూశారు, స్వరూపను చూశారు, తర్వాత ఒక్క క్షణం నన్ను. అడగాల్సిన ప్రశ్న అడిగారు.

"ఇది మీదేనా యాదమ్మా?"

"కాదు సార్."

"మొత్తమా? ఏదన్న తప్పు పడ్డదా, దిద్దుదామా?"

"మొత్తం కాదు. మా ఇంట్ల గట్ల ఏం గాలే. నా బిడ్డకు అమ్మమ్మ ఇంట్ల వేడినీళ్లు పడ్డయి. ఈ కాయితం ఎవరిదో, మాది గాదు."

"సరే" అన్నారాయన. కాగితాన్ని మడిచి, అందరూ చూసేలా పక్కన పెట్టారు. "తర్వాతది చదువున్రి టీచరమ్మా."

గ్రాంటు పోయింది. అందరూ వెళ్లిపోయాక మెట్ల దగ్గర ఆయన్ను పట్టుకున్నాను. తప్పంతా నాదని, వినిపించానని అబద్ధం చెప్పానని చెప్పేశాను. సాయంత్రంలోగా ఇంకో దరఖాస్తు రాసుకొస్తానన్నాను. ఆయన మెట్టు మీద కూర్చున్నారు. కోపంగా ఉన్నారో అలసిపోయారో తెలియలేదు.

"ఇంకో కాయితం తెస్తే, మొదటిది ఎవరిదమ్మా అని ఆ పొల్ల తల్లిని అడగదా?"

"మరి ఆమె చెప్పింది అబద్ధమని మీకూ తెలుసు కదా సార్?"

"నాకేం తెల్వదు. ఆమె కాదన్నది. మనం అవునన్నమనుకో, బిడ్డ ముందట తల్లిని అబద్ధాలదాన్ని జేసినట్టయితది. గింత గ్రాంటుకు గంత పనా?"

"పిల్లల సంగతేంటి మరి?"

ఆయన లేచి, మోకాలు పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ వారమంతా ఆయన మీద కోపంగా ఉన్నాను. తప్పు మనదైనప్పుడు ఎవరిమీదో ఒకరిమీద కోపం ఉంటే కొంచెం తేలిక.

బళ్లు తెరిచే ముందు ఒక పొద్దున ధైర్యం చేసి పెంకుటింటికి వెళ్లాను. పెంకులు దింపేశారు. గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలు ఎండలో కనబడుతున్నాయి. ఎదురింటామె, "యాదమ్మనా? పిల్లలను తోలుకొని పోస్టాయన ఇంటికి వొయింది" అంది. వెళ్లి చూస్తే వీరస్వామి గారి ఇంటి ముందుగది, వరండా రెండూ పిల్లలే. ఆయన బనియన్‌తోనే కూర్చుని, ఒళ్లో ఒకడిని, భుజం మీద ఒకదాన్ని పెట్టుకుని, మూడోవాడి ముక్కు తుడుస్తున్నారు. నిధికి రూలు ఉంది గానీ, ఇల్లు నిధిది కాదు కదా. ఆయన కోడలు గుమ్మంలో నిలబడి, నేను విలేకరినని తెలిసి మరీ గట్టిగా అంది. "రాసుకోండి మేడం! రూలు మా మామయ్యది, ఉచ్చలు నా చీరల మీద. ఇయ్యాల పొద్దటి నుంచి నాలుగు చీరలు!" ఆమె తిట్టుకుంటూనే ఒక పిల్లకు పాలు పడుతోంది.

"మామయ్యా, ఈమెనేనా ఆ కాయితం రాసింది?" అనడిగింది ఆయన్ని.

"ఈమెనే. పొద్దుగాల ఖాళీగనే ఉంటది. జోన్ పేజీ సాయంత్రం గదా?" అని నా వైపు తిరిగారు. "పదకొండు దాక ఉండి పో. గా సీసాలు కడుగు ముందు."

దాదాపు ఏడాది పాటు ఏ పొద్దునా తప్పలేదు. సీసాలు కడిగాను, ముక్కులు తుడిచాను, ఎత్తుకుని తిప్పితే గానీ నిద్రపోని ఒక మొండిఘటాన్ని వరండా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మోశాను. మొదటి నెల యాదమ్మ నాతో మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాలంటే మూడేళ్ల పిల్లలతో చెప్పించేది. "బుజ్జీ, గా అక్కకు చెప్పు, చెంబు గీడ పెట్టొద్దని." బుజ్జి నా దగ్గరికి వచ్చి, "చెంబు" అని చెప్పి వెళ్లిపోయేది. రెండో నెలలో ఒకరోజు చాయ్ గ్లాసు నా పక్కన పెట్టి వెళ్లింది. అందులో చక్కెర లేదు. తాగాను.

ఆ వరండాలోనే ఒకరోజు వీరస్వామి గారు తన తప్పు చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, జనగామ వైపు నుంచి వచ్చిన ఒక కార్మికుడు భార్యకు ఉత్తరం రాయమన్నాడట. బాగున్నాను, బతుకమ్మకు రాలేను, అంతే విషయం. "నాకప్పుడు మీసాలు కొత్తగ వచ్చినయి. ఉత్తగ గింతేనా అనిపించి, నిన్ను తలుసుకుంటే బువ్వ పోతలేదు, నిద్ర పడ్తలేదు అని నేనే కలిపి రాసిన. వినిపియ్యలే. ఆమె ఎవరితోనో చదివించుకున్నది. మా ఆయన గిట్లాంటి మాట పుట్టినప్పటి సంది అనలే, ఏదో పానం మీదికి వచ్చిందని, ఇంట్ల ఉన్న ఒక్క మేకను అమ్ముకొని బస్సెక్కి వచ్చింది. వీడు గేటు కాడ బీడీ తాగుతున్నడు మంచిగ." చెప్పి ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత, "మేక పాయె గదనే బిడ్డా" అన్నారు మెల్లగా. నన్ను పేపరమ్మా అని కాకుండా బిడ్డా అని పిలవడం అదే మొదటిసారి.

దసరా సెలవుల్లో స్వరూప పొద్దున పూట కూడా వచ్చేది. ఆ ఆదివారం తర్వాత నేను ఆమె కళ్లలోకి చూసింది లేదు. ఒకరోజు పిల్లల గుడ్డలు ఆరేస్తుంటే పక్కకు వచ్చి నిలబడింది. యాదమ్మ లోపల ఉంది.

"అక్కా, ఆ కాగితంలోది నిజమేనా?"

నిజం చెప్పడం నా ఉద్యోగం. అడిగినవాళ్లకు తెలుసుకునే హక్కు ఉందని ఎన్ని వ్యాసాల్లో రాశానో. నోట్లోకి వచ్చిన మాటను ఆపడానికి చాలా కష్టపడ్డాను. "ఆ కాగితం నేను రాసింది స్వరూపా. మీ అమ్మది కాదు. ఆమెకు వినిపించకుండానే ఇచ్చాను" అన్నాను. అది అబద్ధం కాదు.

స్వరూప తడి గుడ్డ విదిలించి తాడు మీద వేసింది. "నాకు తెలుసక్కా. చిన్నప్పటి సంది తెలుసు. నాలుగేండ్లంటే ఏం యాదికుండదనుకుంటది అమ్మ. తాళం సప్పుడు కూడ యాదికుంది." ఇంకో గుడ్డ అందుకుంటూ, "నాకు తెలుసని అమ్మకు తెల్వద్దు" అంది. నేను తల ఊపాను. ఆమె బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ బరువు ఒక్కదాన్నే మొయ్యలేక మర్నాడు వీరస్వామి గారి దగ్గర నోరు తెరిచాను. "స్వరూప నాతో ఒక మాట చెప్పింది సార్" అన్నాను.

"నీకు చెప్పిందా?"

"ఆఁ."

"నాకు చెప్పమన్నదా?"

"లేదు."

"మరింకేంది" అని, పక్కన దొర్లుతున్న గిలక్కాయ తీసి నా చేతికిచ్చారు.

మరుసటి ఏడు యాదమ్మ దరఖాస్తు మళ్లీ నేనే రాశాను. ఆమే పిలిచింది. "అక్కా, ఇగ రా, కూసో" అని, మధ్యలో బుజ్జి లేకుండా. ఆమె చెబుతుంటే రాశాను, చదివాను, ఆమె దిద్దింది. "అర్థిస్తున్నాము" అని రాస్తే, "గదేంది? అడుక్కుంటున్నమా? అడుగుతున్నం అని రాయి" అంది. మూడుసార్లు చదివించుకుంది. పొద్దున ఎన్నింటికి తెరుస్తామో, ఎండ తగలని ఒక గది, ఒక నల్లా ఉంటే చాలని, పిల్లలకు ఏమేం పెట్టి ఎట్లా నిద్రపుచ్చుతామో చెప్పి, చివర ఒక వాక్యం తనే చేర్చింది. తల్లి ఆలస్యంగా వస్తే మేము కోపం చెయ్యము. ఇంట్రో లేదు. టీచరమ్మ చదివితే రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రశ్న అడగ్గానే యాదమ్మ, "మాదే సార్" అంది. గదిలో ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. గ్రాంటు వచ్చింది. మల్లాపూర్ రోడ్డు మీద రెండు గదులు తీసుకున్నారు. పిల్లలు వెళ్లిపోయిన రోజు వీరస్వామి గారి కోడలు వరండా కడిగి, ఎంతసేపటికీ లోపలికి వెళ్లకుండా తడి గచ్చు మీద నిలబడింది.

రాష్ట్రం వచ్చిన తర్వాతి చలికాలంలో వీరస్వామి గారు పోయారు. ఊపిరితిత్తుల జబ్బు. చివరి వారాల్లో దవాఖానాలో కూడా, పక్క మంచాల వాళ్లు తెచ్చిన కాగితాలు చదివి అర్థం చెబుతూనే ఉన్నారు. నర్సు మందలిస్తే, "రిటైరైన గని, డ్యూటీ దిగలే" అన్నారట. డెస్క్ వాళ్లు ఆయన మీద పెద్ద కథనం అడిగారు. ఆరు వాక్యాలు రాసి, ఆయన కోడలికి వినిపించి ఇచ్చాను. సింగిల్ కాలమ్ వచ్చింది.

యాదమ్మ కూడా రెండేళ్ల కిందట కన్నుమూసింది. ఆ గదులు ఇప్పుడు నాలుగయ్యాయి, స్వరూప నడుపుతోంది. నేను ఇదంతా రాసి, కాగితాలు పట్టుకుని పోయిన గురువారం మల్లాపూర్ వెళ్లాను. పిల్లలు నిద్రపోతున్న వేళ. స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్లో ఒక పిల్లను జోకొడుతూ మొత్తం విన్నది. మేక దగ్గర నవ్వింది. తాళం సంగతి ఉంచమనే అంది. మేము కూర్చున్న చోటు పేరు, తన అసలు పేరు మార్చమంది. మార్చాను. ఆ తర్వాత, తానూ అమ్మా ఆ సంగతి ఎప్పుడైనా మాట్లాడుకున్నారా లేదా, మాట్లాడుకుంటే ఎవరు ముందు నోరు విప్పారు అన్నది తనంతట తానే నాకు చెప్పింది. చాలాసేపు చెప్పింది. చేతిలో పెన్ను ఉంది, మూత తీసే ఉంది.

"ఇది రాయొద్దక్కా" అంది చివరికి.

పెన్నుకు మూత పెట్టాను. పిల్లను నా ఒళ్లోకి మార్చి, స్వరూప మిగిలిన వాళ్లను చూడడానికి లేచి వెళ్లింది.